తేరు కట్టె పిడి

మొన్న మునిమనవడి పుట్టువెంట్రుకలు తీయిద్దామని ఇంటిల్లిపాదీ భీమ్‌గల్ దగ్గర లింబాద్రి గుట్ట నరసింహస్వామి గుడికి పోయాం. మెట్లు ఎక్కలేనని నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయారు. నా బతుక్కు పల్లకి ఎక్కే భాగ్యం ఈ వయసులో కలిగించినందుకు దారి పొడుగునా స్వామికి దండాలు పెట్టుకుంటూనే ఉన్నాను. వెంట్రుకలు తీసే చోట కూర్చున్న అబ్బాయి ఒక బ్లేడును కాగితంతో సహా మధ్యకు విరిచి, ప్లాస్టిక్ పిడిలో ఇరికించి, చూస్తుండగానే పిల్లవాడి తలను గుమ్మడికాయలా చేసి, ఆ ముక్కను తీసి డబ్బాలో పడేశాడు. ఒక తల కోసం పుట్టి ఆ తలతోనే పోయే కత్తి. శుభ్రమైన పద్ధతి, గాటు కూడా పడలేదు, నాకేం ఫిర్యాదు లేదు. కానీ డబ్బాలో ఆ ముక్క పడిన చప్పుడు వినగానే, ఇంట్లో అందరికంటే కత్తులకే పెద్ద వయసు ఉన్న ఒక ఇల్లు గుర్తుకొచ్చింది. దిగేటప్పుడు కుర్చీ మోసే మనిషి "ఏందవ్వా, నీలో నువ్వే నవ్వుకుంటున్నవు" అని అడిగాడు. గుట్ట దిగేలోపు అయ్యే ముచ్చట కాదని ఊరుకున్నాను.

మేము వడ్లవాళ్ళం, అంటే వడ్రంగులం. మా ఇల్లు నిజామాబాద్‌లో ఖిల్లాకు పోయే దారిలో ఉండేది. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. భీమ్‌గల్ దిక్కు ఒక పల్లెలో నరసింహస్వామి తేరు ఉండేది. ఏటా జాతరకు ముందు దాన్ని చక్కబెట్టడం తాతల నాటి నుంచి మా ఇంటి సేవ. పగిలిన పలకను ఊడదీసి కొత్తది బిగించాలి. ఊడదీసిన పాతది వడ్లాయన ఇంటికి తీసుకుపోవాలి. చిక్కంతా అక్కడే. స్వామి కూర్చుని ఊరేగిన కట్టె కాబట్టి దాన్ని పొయ్యిలో పెట్టకూడదు. పీట చేయకూడదు, ఎవరో ఒకరు కూర్చుంటారు. గడప చేయకూడదు, తొక్కుతారు. మంచంకోడు సంగతి తలవనే కూడదు. స్నానం చేయకుండా ముట్టుకోకూడదు, నేల మీద పెట్టకూడదు. ఏట్లో కలుపుదామని బాపు ఒకసారి అంటే అవ్వ ఒప్పుకోలేదు. "నువ్వు ఈడ ఏస్తే కింది ఊరోడు తీసి ఎండబెట్టి అంబలి కాసుకుంటడు. గా పాపం ఎవ్వలకు సుట్టుకుంటది?" అంది. అందుకని ముత్తాత తెచ్చినవీ, తాత తెచ్చినవీ, బాపు తెచ్చినవీ వెనక అర్రలో ఇటుకల మీద పేరుస్తూ పోయారు. అవ్వ పొద్దున్నే తలస్నానం చేసి ఆ దొంతరకు పసుపు కుంకుమ పెట్టాకే పొయ్యి రాజేసేది. స్వామి కట్టె పెరిగిన కొద్దీ మేము జరుగుతూ వచ్చాం. నాకు ఊహ తెలిసేనాటికి ఇంట్లో స్వామి పడుకునేవాడు, మేము అరుగు మీద పడుకునేవాళ్ళం.

దానికి తోడు నా చదువు. అప్పుడు బడిలో అంతా ఉర్దూ, అదీ మగపిల్లలకు. తెలుగు అక్షరాలు నాకు బాపే ఇంట్లో నేర్పాడు. చిత్రిక పట్టిన పలక మీద వడ్రంగి పెన్సిలుతో రాసిచ్చేవాడు. నేను దిద్ది అప్పజెప్పాక దాని మీద మళ్ళీ చిత్రిక పట్టేవాడు. అ ఆలు చుట్టలు చుట్టుకుని పొట్టుగా రాలేవి. అక్షరమంటే సరస్వతి కదా, అవ్వ ఆ పొట్టును కూడా పొయ్యిలో పెట్టనిచ్చేది కాదు. గోనెసంచుల్లో కుక్కి దూలానికి వేలాడదీసేది. వడ్లాయన ఇల్లు, నిలువెత్తు కట్టె, తల మీద సంచులకొద్దీ పొట్టు. అయినా వంటకు మాత్రం అవ్వ బోధన్ దిక్కు నుంచి వచ్చే చెరకు బండ్ల వెంటపడి ఎండాకు అడుక్కొచ్చేది. మా అన్నం ఎప్పుడూ చెరుకాకు పొగ వాసన వేసేది. ఆ పొగ తిని పెరగబట్టే ఇన్నేళ్ళు బతికానని నా నమ్మకం.

బాపుకు తేరు సేవ ధర్మం, బండిచక్రాలు బతుకుదెరువు. ప్రాణం మాత్రం పాత ఉస్తరాల మీద. ఉస్తరా అంటే పిడిలోకి మడిచే మంగలికత్తి. బ్లేడ్లు అప్పుడప్పుడే బజారులోకి వస్తున్నాయి. వకీళ్ళు, కచేరీ ఉద్యోగులు, బోధన్‌లో లేస్తున్న చక్కెర ఫ్యాక్టరీకి వచ్చిన ఇంజినీర్లు తాతల నాటి విలాయతి కత్తులను పాత సామాన్లలో పారేసేవారు. జంగు పట్టి, పిడి పగిలి పడి ఉన్న కత్తి కనపడితే బాపు దెబ్బతగిలిన పిట్ట దొరికినట్టు అంగీ లోపల పెట్టుకుని తెచ్చేవాడు. ముందు దాన్ని నువ్వుల నూనెలో నానేసేవాడు. తర్వాత బూడిదలో అద్దిన నిమ్మచెక్కతో మెల్లగా రుద్దేవాడు. వెన్ను వైపు నుంచి అంచు వైపుకే రుద్దాలి, ఎదురు రుద్దితే అంచు చెడుతుంది. ఆ తుప్పు వదిలాక నున్నని సానరాయి మీద నూరి, తోలు పట్టా మీద సాపు చేసేవాడు. ఆ పనిలో ఉన్నప్పుడు ఊపిరి కూడా మెల్లగా తీసుకునేవాడు. ఇక పిడి. పాతవన్నీ కొమ్ము పిడులు, పురుగు తిని పొడి రాలుతుండేవి. కొత్త పిడికి బర్రె కొమ్మును ఉడకబెట్టి, మెత్తబడ్డాక రెండు బద్దలుగా సాగగొట్టి, కత్తిని మధ్యన పెట్టి ఇత్తడి చీలలు కొట్టాలి. కొమ్ము ఉడుకుతుంటే వెంట్రుకలు కాలిన కంపు వాడ చివరి దాకా పోయేది. "ఇంట్ల స్వామి ఉన్నడు, నువ్వేమో బర్రె కొమ్ములు వండుతున్నవు" అని అవ్వ ఆయన్ను గోడ అవతలకు తరిమేది.

ఇంటి నిండా కత్తులు, బాపు ముఖం నిండా గడ్డం. కత్తి పదును ఆయన తన చెంప మీద ఎన్నడూ చూసుకోలేదు. "సొంత చెంప మొగమాటపడి బాగనే ఉన్నది అంటది. పక్కోని చెంప నిజం చెప్తది" అనేవాడు. ఆ పక్కోడు మా పక్కింటి యాదగిరి మామ, బట్టల దుకాణం ఆయన. బాపు ఒక్కొక్క కత్తితో ఆయన ముఖం మీద అరచేయంత మేర మాత్రమే గీసి, "ఎట్లున్నది?" అని అడిగి, మిగతాది ఇంకో కత్తికి ఉంచేవాడు. దుకాణానికి వచ్చినవాళ్ళు "ఏంది సేటూ, చెంపల మీద మడులు కట్టినవు, నాట్లు ఎప్పుడు?" అని నవ్వేవారు. మామ కోపం తెచ్చుకునేవాడు కాదు. అట్లాంటి పొరుగును ఇచ్చినందుకు ఇప్పటికీ తలచుకుని దండం పెట్టుకుంటాను.

అట్లా ఉండగా మా అక్క లచ్చవ్వకు సంబంధం వచ్చింది. వాళ్ళది రుద్రూర్ పక్కన ఊరు. మా కులమే, కాల్వ నీళ్ళు వచ్చాక చెరకు పెట్టి కాస్త నిలదొక్కుకున్నారు. పెండ్లికొడుకు పేరు విఠల్. చూసుకోవడానికి వాళ్ళ తాత శంకరయ్య, తల్లి రాజవ్వ వచ్చారు, వెంట విఠల్ బావ కూడా వచ్చాడు. వాళ్ళు బండి దిగుతూనే పట్టు రుమాలు చుట్టిన ఒక మూటను తాంబూలం పళ్ళెంలో పెట్టి బాపు ముందుకు జరిపారు. అందులో ఉన్నది కత్తి. వాళ్ళ ముత్తాత ఒక దొర బగ్గీ బాగుచేస్తే ఆయన ఇచ్చాడట. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ పెండ్లికొడుకు గడ్డమైనా ఆ కత్తితోనే తీయాలి. ఇప్పుడేమో అది నిలువునా జంగు పట్టి ఉంది, పిడి ముట్టుకుంటే పొడి పొడిగా రాలుతోంది.

"మా పెద్దోని పెండ్లికి తొందరల వేరే కత్తి పెట్టినం" అన్నాడు శంకరయ్య తాత. "ఏడాది తిరగలె. ఎద్దు పొడిచింది."

"పానం పోయిందా?" అంది అవ్వ, గుండె మీద చెయ్యి వేసుకుని.

"పానం ఉన్నది. కానీ ఎద్దు పొడిచింది గద."

ఆ పూట వాళ్ళు అక్కను చూసింది రెప్పపాటు. మిగతా పొద్దంతా కత్తినే తిప్పి తిప్పి చూశారు. అవ్వ నా చెవిలో "పిల్లను సూడొచ్చిన్రా, కత్తికి వైద్యం చేయించొచ్చిన్రా" అని గొణిగింది. అక్క మాత్రం తలుపు సందులోంచి చూడవలసింది చూసుకుంది. "చెవులు పెద్దగున్నయే" అని నాకు చెప్పింది. "నవ్వితే కదులుతయ్." ఆ మాట చెప్పడానికే మళ్ళీ మళ్ళీ నన్ను పక్కకు పిలిచింది. అక్క ఒక మనిషి గురించి అంతసేపు మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. ఈ పెండ్లి జరగాలని ఆమె ఎంతగా కోరుకుంటోందో ఆ ఇంట్లో నాకు, స్వామికి తప్ప ఎవరికీ తెలియదు.

బాపు ఆ కత్తి మీద కూర్చుంటే తిండి ధ్యాస లేదు. అలుగు, అంటే కోసే ఇనుప భాగం, అద్దంలా తేలింది. పిడి దగ్గరకు వచ్చేసరికి అవ్వ అడ్డుపడింది. శుభకార్యం పెట్టుకుని ఇంట్లో కొమ్ము ఉడకనివ్వనంది. టేకు ముక్కతో చేద్దామని బాపు చేతికందే టేకంతా వెతికాడు. ఏదీ ఆ కత్తి పక్కన ఆనలేదు. చివరకు ఇద్దరి చూపూ ఒకేసారి వెనక అర్ర మీద పడింది. తరతరాలు నూనె తాగి నల్లగా నిగనిగలాడే టేకు అక్కడే ఉంది. అవ్వ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఇన్నేండ్లు ఉన్న కట్టెకు ఇప్పటికి ఒక పని చెప్పిండు స్వామి. అల్లుని చెంపను ఆయనే నిమురుతడట" అంది. బాపు తానం చేసి, తడిబట్టతోనే ఒక పలక అంచు కోసి రెండు బద్దలు తీశాడు. పలక మీద చెక్కిన పువ్వులో ఒక రేక పిడి మీదికి వచ్చింది. ఇత్తడి చీలలు కొట్టి ముగించాక అందరం కళ్ళకద్దుకున్నాం.

మా ఇంట్లో రెండు నియమాలు ఊపిరంత సహజంగా ఉండేవి. తేరు కట్టెను స్నానం చేయందే ముట్టుకోకూడదు. గడ్డం గీసుకుంటే మైల, స్నానం చేసేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. ఈ రెండూ ఒకే కప్పు కింద ఉండి కూడా ఎన్నడూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. బాపు ఆ రెండింటినీ కలిపి చీల కొట్టాడని మాలో ఒక్కరికీ తోచలేదు.

అప్పట్లో మా దిక్కు పెండ్లి మగపిల్లవాడి ఇంట్లోనే జరిగేది. పిల్లను తీసుకుని మేమే పోయాం. పెండ్లికి ముందు చేయించే మంగళస్నానాన్ని మైలపోలు అంటాం; ఆనాడు పొద్దున్నే వాకిట్లో పీట వేసి, నలుగు పెట్టి, విఠల్ బావను కూర్చోబెట్టారు. ఎదురుగా అర్రలో అక్కకు పసుపు పూస్తున్నారు, మధ్యలో తలుపు ఓరగా వేసి ఉంది. మంగలి పోచయ్య పొది విప్పాడు. శంకరయ్య తాత రుమాల్లోంచి కత్తి తీసిచ్చాడు. పోచయ్య దాన్ని తోలు మీద రెండుసార్లు ఆడించి, బావ రెండు చెంపలకూ సబ్బు నురగ పట్టించి, ఎడమ చెంప గీశాడు. వెన్నలోంచి పోయినట్టు పోయింది. "అరవై ఏండ్ల కత్తి గిట్ల తెగుడు నేను సూడలె" అన్నాడు. రాజవ్వ పొంగిపోయి, పిలిచిన వాళ్ళందరికీ వినబడేటట్టు "ఆ పిడి సూడుండ్రి, ఎంత నునుపు. ఏం కట్టె అన్నా గది?" అని బాపును అడిగింది.

బాపుకు దాచడం తెలియదు, అందులోనూ అది దాచే విషయమని ఆయనకు తెలియదు. "తేరు కట్టె చెల్లె. నరసింహస్వామి తేరు" అన్నాడు.

రాజవ్వ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. వాకిలంతా జోడించుకుంది. పోచయ్య ఒక్కడికి ఆ వీలు లేకపోయింది, చేతిలో కత్తి ఉంది. ఆయన దాన్ని మెల్లగా తన తలకంటే పైకెత్తాడు.

"నేను తానం చెయ్యలేదవ్వా" అన్నాడు.

"కింద పెట్టు మరి" అన్నారెవరో.

"కింద పెట్టకు" అని అవ్వ, బాపు ఒకేసారి అన్నారు. "నేల మీద పెట్టొద్దు."

"పట్టుకోవద్దంటిరి, పెట్టొద్దంటిరి. మరి నేనేం చేయాలె?"

పంతులు వచ్చి కూర్చున్నాడు. పోచయ్య తానం చేస్తే సరిపోతుందా అని రాజవ్వ అడిగింది. చేసి వచ్చినా గీత పడగానే మళ్ళీ మైలే కదా అన్నాడు పంతులు. అయితే ఇప్పటికే గీసిన ఎడమ చెంప సంగతేమిటని ఎవరో లేవదీశారు. అది మైలదా, స్వామి ముట్టినదా? పంతులు చాలాసేపు కళ్ళు మూసుకుని, "ముట్టింది స్వామి కట్టె. ఆ చెంప వరకు మైల లేనట్టే" అన్నాడు. ఆ మాటతో ఒక ముసలామె లేచి వచ్చి విఠల్ బావ ఎడమ చెంపను తాకి కళ్ళకద్దుకుంది. ఆమె వెనక ఇంకొకామె. చూస్తుండగానే వరుస కట్టారు. బావ కదలకుండా కూర్చున్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అవ్వా, ఈ దిక్కు సబ్బు ఎండుతున్నది. గుంజుతున్నది" అన్నాడు తల్లితో మెల్లగా.

"ఊకో. దేవుని ముచ్చట నడుస్తున్నది."

పోచయ్య తన సొంత కత్తితో మిగతాది కానిస్తానన్నాడు. శంకరయ్య తాత ఎద్దు సంగతి మళ్ళీ చెప్పాడు. చీలలు తీసి పిడి వేరు చేస్తానని బాపు అంటే, పెండ్లి పూట జోడించింది విప్పుతారా అని ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. అన్ని దారులూ మూసుకుపోయాక రాజవ్వ నెమ్మదిగా, కోపం లేకుండానే అంది. "ఇయ్యాల వద్దు అన్నా. మంచి రోజు మల్ల సూసుకుందాం."

మా దిక్కు ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. పసుపు పూసిన పిల్ల పెండ్లి కాకుండా బండెక్కి వెనక్కి పోతే, మళ్ళీ చూసే మంచి రోజంటూ ఉండదు. ఇంకో ఇంటివాళ్ళూ రారు. బాపు గోడకానుకుని కూర్చుండిపోయాడు. ఎన్ని కత్తులను బతికించాడో, ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. అవ్వ పెదవులు కదులుతున్నాయి, ఏం మొక్కుతోందో వినపడలేదు. నేను తలుపు దిక్కు చూశాను. సందులో పసుపు ముఖం, రెండు కళ్ళు.

"సగం సాలు" అంది అక్క లోపల్నుంచి.

పెండ్లికూతురు నోరు విప్పడమే ఆ కాలంలో వింత. అందరూ అటు తిరిగారు. ఎవరన్నారో తెలియనట్టు రాజవ్వ "ఏందీ?" అంది.

"అయిన కాడికి సాలు అత్తా. మిగిలింది ఉండనియ్యిండ్రి."

ముందుగా తేరుకున్నది అవ్వ. ఆమె లేచి రాజవ్వ చెయ్యి పట్టుకుంది. "వదినే, గిది మన బుద్ధికి తోచిన మాట కాదు. స్వామి ఒక చెంప పిల్లకిచ్చిండు, ఒక చెంప తనకు ఉంచుకున్నడు. పెండ్లయినంక జంటగ గుట్టకు పొయ్యి ఆ సగం ఆయనకు ఇచ్చొద్దాం. మొక్కు అనుకో" అంది. రాజవ్వ ఏ పద్ధతిని కాదన్నా మొక్కును కాదనే మనిషి కాదు. పంతులు వైపు చూసింది. ఎండ నడినెత్తికి వస్తోందేమో, పంతులు కూడా "మొక్కే, మొక్కే" అన్నాడు.

"అయితే నా చేతిల కత్తి?" అన్నాడు పోచయ్య. ఎత్తిన చెయ్యి ఆయన ఇంకా దించలేదు. శంకరయ్య తాత కట్టుబట్టతోనే బావి దగ్గరకు నడిచి, నెత్తిన చేద నీళ్ళు గుమ్మరించుకుని, నీళ్ళు కారుతూ వచ్చి రెండు చేతులూ చాచి దాన్ని అందుకున్నాడు. అది తిన్నగా దేవుని గూట్లోకి పోయింది. దసరాకు ఉలి, బాడిసలతో పాటు బొట్టు పెట్టడానికి తప్ప మళ్ళీ బయటికి రాలేదు. ఆ తర్వాత ఆ ఇంటి పెండ్లికొడుకులు మామూలు కత్తులతోనే గీయించుకున్నారు, ఏ ఎద్దూ పొడవలేదు.

మా బావ సగం గడ్డంతోనే జీలకర్ర బెల్లం పెట్టాడు. పందిట్లో ఎడమ పక్కన కూర్చున్న వాళ్ళు "పిల్లగాడు సక్కగున్నడు" అనుకున్నారు. కుడి పక్కన కూర్చున్న వాళ్ళు "పాపం, ఇంట్ల ఎవలన్న పొయ్యిన్రా?" అని ఆరా తీశారు. రెండు వైపులా భోజనం మాత్రం ఒకటే. కొత్త బెల్లంతో చేసిన పాయసం ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. జాతర వేళకు జంట గుట్టెక్కి ఆ సగాన్నీ స్వామికి సమర్పించి వచ్చారు.

ఈ కాలం పిల్లలు ఇదంతా వింటే, ఇంత చిన్నదానికి అంత రభసా అంటారు. నిజమే. ఇప్పుడు దేనికీ ఆగవలసిన పని లేదు. ఏ వస్తువైనా పనైపోతే పడేయవచ్చు, ఏ కట్టెనైనా కాల్చవచ్చు, పొద్దున లేచి ఎవరికి వారు అద్దంలో చూసుకుని రెండు నిమిషాల్లో ముఖం నున్నగా చేసుకోవచ్చు. వాళ్ళకున్న సుఖానికి నేను సంతోషిస్తాను. మాకున్న చాదస్తానికీ కృతజ్ఞురాలినే. ఎటూ కదలలేనంతగా మమ్మల్ని మేమే కట్టేసుకోబట్టే, లోపల ఉన్న పిల్ల తనకేం కావాలో నోరు తెరిచి చెప్పింది. లేకపోతే అక్క జన్మలో ఆ మాట అనేది కాదు, బావ వినేవాడూ కాదు.

బావ బతికినన్నాళ్ళు గడ్డం గీసుకునే పద్ధతి ఒకటే. ఎడమ చెంప అయ్యాక ఆగి, సబ్బు ముఖంతో వంటింటి గుమ్మంలోకి వచ్చి ఊరికే నిలబడేవాడు. నేను వాళ్ళింటికి పోయినప్పుడల్లా చూశాను. చివరి రోజుల్లో చూపు మందగిస్తే కొడుకు గీసేవాడు. సగం కాగానే బావ చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఆగురా. మీ అవ్వను పిలువు" అనేవాడు. అక్క చేటలో బియ్యం పక్కన పెట్టి, తీరుబడిగా వచ్చి, తల అటూ ఇటూ వంచి చూసి, "సాలు" అనేది. అప్పుడు రెండో చెంపకు కత్తి పోయేది.